పగిలిన ప్లేటుకి టేపు వెయ్యకు చెల్లీ

వంటింట్లో మిక్సీ పెట్టే మూల ఉంటుందే, ఆ గోడమీది స్విచ్ బోర్డు దగ్గరికి ఒక్కసారి వెళ్లి చూసి రా చెల్లీ. చూశావా? ప్లగ్ పాయింటు చుట్టూ ఉండే తెల్ల ప్లేటు ఎక్కడైనా చిట్లి ఉందా? దానిమీద నల్ల టేపు ముక్క అంటించి ఉందా? ఉంటే ఈ ముచ్చట నీకోసమే. లేకపోతే మీ పుట్టింట్లోనో అత్తారింట్లోనో ఉండే ఉంటుంది. నేనెరిగిన ఇళ్లలో పగిలిన ప్లేటు ఒక్కటైనా లేని ఇల్లు తక్కువ.

మా ఇంట్లో అది ఎనిమిది నెలల పైనే ఉంది. గ్రైండరు బల్ల జరుపుతుంటే అంచు తగిలి ప్లేటు కింది మూల విరిగిపోయింది. రూపాయి బిళ్లంత ముక్క. దానితోపాటు సాకెట్ అంచు కూడా చిట్లింది. ఆ రోజుకి టేపు వేశాను. వంటింటి ఆవిరికీ నూనె జిడ్డుకీ ఆ టేపు నెల తిరక్కుండానే లేచి చుట్టుకుపోయేది. మళ్లీ ఇంకో ముక్క వేసేదాన్ని. ఇలాగే ఉగాది వెళ్లింది, దసరా వెళ్లింది. సంక్రాంతికి ముందు ఇల్లంతా బూజు దులుపుతున్నాం. మా అత్తయ్య తడిగుడ్డ తీసుకుని ఆ బోర్డుమీది జిడ్డు తుడవబోయింది. నేను స్టవ్వు దగ్గర ఉన్నాను. "అమ్మో" అని ఒక్క కేక. తిరిగి చూసేసరికి ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మొహంలో రక్తం లేదు. చెయ్యి భుజం దాకా జిల్లుమందట. "ఏం కాలేదులేవే, కంగారుపడకు" అని నాకే ధైర్యం చెప్పింది. కానీ ఆ సాయంత్రం దాకా కాఫీ గ్లాసు కుడిచేత్తో పట్టుకోలేకపోయింది.

దేవుడి దయ, అక్కడితో పోయింది. తడిగుడ్డ కొస ఆ పగుల్లోంచి లోపలికి దూరి, సాకెట్ వెనక వైరు బిగించే స్క్రూకి తగిలిందని తర్వాత తెలిసింది. రెండు వందలు పెట్టి ప్లేటు కొనలేక కాదు చెల్లీ. చిన్న పని కదా, తర్వాత చూద్దాంలే అనుకోవడం వల్ల జరిగింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అందుకే చెబుతున్నాను.

కరెంటు పని మగవాళ్లదని మనకి చిన్నప్పటినుంచీ ఒక లెక్క. నిజానికి ఆ బోర్డుతో రోజంతా సావాసం ఎవరిది? పొద్దున్నే చట్నీకి మిక్సీ, స్నానాలకి గీజరు, పిల్లల యూనిఫారానికి ఇస్త్రీపెట్టె, మధ్యాహ్నం గ్రైండరు, రాత్రి రైస్ కుక్కరు. స్విచ్చు వేసే చెయ్యి సగం సార్లు తడిగానే ఉంటుంది. పొడి చేతికంటే తడి చేతిలోంచి కరెంటు చాలా సులువుగా పోతుంది. మన ఇళ్లకి వచ్చేది 230 వోల్టులు. మనిషి ప్రాణం తియ్యడానికి అది చాలు. పగిలిన ప్లేటు వల్ల ముందు దెబ్బ తగిలేది వంటింట్లో ఉండే మనకి, నేలమీద పాకే పిల్లలకి. అలాంటప్పుడు దాని సంగతి తెలుసుకోవాల్సింది కూడా ముందు మనమే.

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వస్తాడు కానీ ఒక్క ప్లేటు కోసం అంత దూరం రావడం అతనికి గిట్టదు. "రేపొస్తానమ్మా" అంటాడు. అతన్ని తప్పుపట్టను, పెద్ద పని దొరికిన రోజు పెద్ద పనికే వెళ్తాడు. మా ఇంటికి వచ్చిన అబ్బాయి మాత్రం మంచివాడు. అత్తయ్యకి షాకు కొట్టిందని చెప్పగానే చేతిలో పని వదిలేసి వచ్చాడు. పక్కనే నిలబడి అన్నీ అడిగాను. విసుక్కోకుండా చెప్పాడు. "ప్లేటు ఒక్కటే అయితే మీరే మార్చుకోవచ్చమ్మా, వైరు ముట్టుకునే పనికి నన్ను పిలవండి" అన్నాడు. ఆ మాటే పట్టుకున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో మూడు ప్లేట్లు, మా చెల్లెలింట్లో ఒకటి నేనే మార్చాను.

ఇంటివాళ్లు ఇలాంటివి ముట్టుకోవచ్చా అని నీకు అనుమానం రావచ్చు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ప్రకారం వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చెయ్యాల్సి ఉండేది. కానీ ఆ నియమమే బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల వంటివి ఉన్నవి ఉన్నట్టు మార్చుకోవడాన్ని మినహాయించింది. తర్వాత వచ్చిన నిబంధనల్లోనూ ఆ నియమమూ, ఆ మినహాయింపూ ఉన్నాయి. పాత ప్లేటు తీసి అలాంటిదే కొత్తది పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త పాయింటు లాగడం, వైరు మార్చడం వేరే సంగతి, అవి మన పని కావు.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకం బోర్డో చూడు. పాత ఇళ్లలో చెక్కపెట్టె, దానిమీద హైలం షీటు ఉంటాయి. ఆ షీటు మన హైదరాబాద్ సనత్‌నగర్‌లోనే తయారయ్యేది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, నల్లవో తెల్లవో పియానో స్విచ్చులు. ఆ షీటు పగిలితే మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు. స్విచ్చులు, సాకెట్లు, వైర్లు అన్నీ ఆ షీటుకే బిగించి ఉంటాయి. షీటు లాగితే మొత్తం గుత్తిలా బయటికి వస్తుంది, ఏ వైరు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. అది ఎలక్ట్రీషియన్ పని.

ఇప్పటి ఇళ్లలో ఉండేవి మాడ్యులర్ బోర్డులు. గోడలో ఒక పెట్టె, దానికి స్క్రూలతో బిగించిన ఫ్రేము, ఆ ఫ్రేములో ఇమిడిన స్విచ్చులూ సాకెట్లూ, అన్నిటిమీదా కప్పినట్టు బయటి ప్లేటు. ఆ బయటి ప్లేటు చాలావాటికి క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. పగిలేది ఎక్కువగా అదే. మన చేతిలో ఉన్న పనీ అదే.

షాపుకి వెళ్లేముందు ప్లేటు కొలత తెలియాలి. ఇక్కడే నేను ఒకసారి ఉత్త ప్రయాణం చేశాను. కోఠీ దగ్గర ట్రూప్ బజారు దాకా వెళ్లి "ఎనిమిది మాడ్యూళ్ల ప్లేటు ఇవ్వు బాబూ" అన్నాను. ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే నాది చదరం, తెచ్చింది పొడుగుది. ఎనిమిది మాడ్యూళ్లలో వరసగా ఎనిమిదీ ఉండే పొడుగు ప్లేటూ ఉంటుంది, నాలుగూ నాలుగూ రెండు వరసల చదరమూ ఉంటుంది. మామూలు స్విచ్చుకి ఒక మాడ్యూలు, సాకెట్‌కి రెండు లెక్క వేసుకో. ఖాళీగా మూసి ఉన్న గడులు కూడా లెక్కే. ఇంకో సంగతి, ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ ఫ్రేముకి పట్టదు. ఒకే కంపెనీలో కూడా ఒక రకం ప్లేటు ఇంకో రకానికి పట్టకపోవచ్చు. స్విచ్చుమీద సన్నగా కంపెనీ పేరు ఉంటుంది. బోర్డుని ఫోన్‌తో ఎదురుగా ఒక ఫొటో, స్కేలు పక్కన పెట్టి ఇంకో ఫొటో తీసుకుని వెళ్లు. ఫొటో చూపిస్తే షాపతను క్షణంలో తీసిస్తాడు. సాకెట్ కూడా కొనేటట్టయితే ఐఎస్ఐ గుర్తు చూసి మరీ తీసుకో.

మా అక్క కూతురు డల్లాస్‌లో ఉంది. వాళ్ల అపార్టుమెంటులో ప్లగ్ కవరు పగిలితే మధ్యలో ఉన్న ఒక్క స్క్రూ తిప్పి తీసేసి కొత్తది పెట్టేసిందట. "అంతేనా పిన్నీ, నువ్వెందుకు అంత హడావిడి చేస్తావు?" అంది. అక్కడ మామూలు ప్లగ్గుల్లో ఉండేది 120 వోల్టులు, మన దగ్గర దానికి దాదాపు రెట్టింపు. అదొక్కటే కాదు, మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. దాని గురించే ఇంత గట్టిగా చెప్పాలనుకున్నది.

అదే ఇన్వర్టరు. మెయిన్ ఆపేశాం కదా, ఇక భయం లేదు అనుకుంటాం. మెయిన్ ఆగగానే ఇన్వర్టరు ఏమనుకుంటుంది? కరెంటు పోయింది అనుకుంటుంది. వెంటనే బ్యాటరీ లోంచి అదే 230 వోల్టులు బోర్డుల్లోకి పంపుతుంది. నువ్వు స్క్రూడ్రైవరు పెట్టిన బోర్డు ఇన్వర్టరు లైను మీద ఉంటే, మెయిన్ ఆపినా అందులో కరెంటు ఉన్నట్టే. ఇన్వర్టరు ఒక్కటి ఆపినా సరిపోదు. చాలా ఇన్వర్టర్లు బటన్ ఆపినా మెయిన్ నుంచి వచ్చే కరెంటుని తమ గుండా అలాగే పోనిస్తాయి. కాబట్టి మెయిన్ ఆపాలి, ఇన్వర్టరూ ఆపాలి, రెండూ. అపార్టుమెంటులో జనరేటరు లైను కూడా ఉంటే దాని స్విచ్చు ఏదో ముందే కనుక్కుని అదీ ఆపు. ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు, "నేను బోర్డు దగ్గర ఉన్నాను, ఎవరూ మెయిన్ వెయ్యొద్దు" అని. వీలైతే మెయిన్ దగ్గర ఒకరిని నిలబెట్టు. సీరియల్ టైమని ఎవరో వెళ్లి మెయిన్ వేసేస్తే అప్పుడు బాధపడి లాభం లేదు.

ఆపాక నమ్మకంతో పని మొదలుపెట్టకు, చూసుకుని మొదలుపెట్టు. ఆపకముందే ఆ ప్లగ్గులో చిన్న బెడ్‌ల్యాంపు వెలిగించి ఉంచు. అన్నీ ఆపాక అది ఆరిందా లేదా చూడు. ఆరకపోతే ఎక్కడినుంచో కరెంటు వస్తున్నట్టే, ఆగిపో. టెస్టరు కూడా దగ్గర పెట్టుకో. ఆ రోజు అది పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకో. లోపల దీపం మాడిపోయిన టెస్టరు ఎక్కడ పెట్టినా వెలగదు, అది చూసి కరెంటు లేదనుకుంటే ప్రమాదం. మొన పట్టుకోకు, పిడి చివరి లోహపు బొడిపెమీదే వేలు ఆనించు. ఎండ పడేచోట ఆ చిన్న ఎర్రదీపం కనపడదు, చెయ్యి అడ్డం పెట్టి చూడు. కాళ్లకి రబ్బరు చెప్పులు, చేతులు పొడిగా, గాజులూ ఉంగరాలూ తీసి పక్కన. ఈ పని పగటిపూటే పెట్టుకో.

ఇక ప్లేటు తియ్యడం. కింది అంచునో పక్క అంచునో స్క్రూడ్రైవరు మొన పట్టేంత చిన్న గాడి ఉంటుంది. చాలామందికి కనపడదు, రంగులు వేసినప్పుడు పెయింటు పడి మూసుకుపోతుంది. ముందు పాత బ్లేడుతో ప్లేటు చుట్టూ పెయింటు గీత మెల్లగా కొయ్యి. లేకపోతే ప్లేటుతో పాటు గోడ రంగు చెక్కలు చెక్కలుగా ఊడొస్తుంది. గాడిలో చదునైన స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా మెలితిప్పితే ఒక క్లిప్పు టక్కుమని వదులుతుంది. అక్కడినుంచి అంచు వెంబడి జరుపుకుంటూ పోతే ఒక్కొక్కటీ వదిలి ప్లేటు చేతిలోకి వస్తుంది. లాగి పీకకు, మొరటుగా పీకితే ఫ్రేము కూడా విరుగుతుంది, అప్పుడు పని రెట్టింపు.

మొదటిసారి ప్లేటు తీసినప్పుడు నేను కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. పదేళ్లుగా రోజూ చెయ్యి పెట్టిన చోటు, లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఫ్రేము అంచున మెత్తటి పిండిలాంటి సున్నపు పొడి. ఒక మూల ఎర్ర చీమల పుట్టమన్ను. ఎండిపోయిన బల్లిగుడ్డు పెంకు ఒకటి. దాన్నంతా పొడి పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపాను. నీళ్లూ తడిగుడ్డా దగ్గరికి రానివ్వకు. టార్చి వేసి చూస్తే సందుల్లోంచి వైర్లు కనపడతాయి. ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఏదైనా ఫేజు అయి ఉండొచ్చు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. రంగుని నమ్మి ముట్టుకోకు, పాత వైరింగులో ఉన్న ముక్క ఉన్నట్టు వేసేసినవాళ్లు కూడా ఉంటారు. ఎక్కడైనా రాగి తీగ బోసిగా కనపడినా, చెమ్మ కనపడినా ఆ పని అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

బాగానే ఉంటే ఫ్రేము స్క్రూలు వదులుగా ఉన్నాయేమో ఒక్కసారి చూసి, ఊగకుండా ఉండేంత బిగించు. మరీ బిగిస్తే ఫ్రేము వంగిపోయి ప్లేటు ఒక పక్క లేస్తుంది. తర్వాత కొత్త ప్లేటు ఒక అంచు ముందు ఆనించి, అరచేత్తో చుట్టూ నొక్కుకుంటూ రా. నాలుగు వైపులా టక్కుమన్న శబ్దం వినపడాలి. అంతా పది నిమిషాల పని.

ఇప్పుడు అసలు జాగ్రత్త చెబుతాను. ప్లేటు పగలడం వేరు, కమలడం వేరు. దెబ్బ తగిలి పగిలితే కొత్తది పెడితే సరిపోతుంది. సాకెట్ రంధ్రాల చుట్టూ పసుపు పచ్చగానో గోధుమరంగుగానో మారినా, ప్లాస్టిక్ వంకర తిరిగినా, మిక్సీ తిరుగుతుంటే కమురు వాసన వచ్చినా, ప్లగ్గు తీసి పట్టుకుంటే కాళ్లు వేడిగా తగిలినా, లోపల ఎక్కడో వైరు వదులైంది, లేదా ఆ పాయింటు మోయలేనంత బరువు దానిమీద పడుతోంది. దానిమీద కొత్త ప్లేటు వేస్తే పుండుమీద పౌడరు అద్దినట్టే.

మా చెల్లెలింట్లో అదే అయింది. ఇండక్షన్ స్టవ్వు కొన్నారు, 2000 వాట్లది. దాని ప్లగ్గు లావు కాళ్లది, 16 ఆంపియర్ల పాయింటులో పెట్టాల్సింది. వంటింట్లో ఆ పాయింటు ఫ్రిజ్‌కి పోయింది. కన్వర్టరు ప్లగ్గు ఒకటి తెచ్చి 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టేశారు. 2000ని 230తో భాగించి చూడు, దాదాపు తొమ్మిది ఆంపియర్లు. ఆరు మోసేదానిమీద తొమ్మిది. రెండు నెలలకి ప్లేటు మూడు కన్నాల చుట్టూ మాడిన అట్టు అంచులా అయింది. "ప్లేటు నువ్వే మార్చవా అక్కా" అని పిలిచింది. మార్చనన్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే వెనక వైరు తొడుగు కరిగి సాకెట్‌కి అతుక్కుపోయి ఉంది. 16 ఆంపియర్ల పాయింటు కొత్తగా, లావు వైరుతో వేయించుకున్నారు. 750 వాట్ల మిక్సీకి మూడు ఆంపియర్లు దాటి కొంచెం, ఇస్త్రీపెట్టె 1000 వాట్లయితే నాలుగు దాటి. వీటికి చిన్న సాకెట్ చాలు. గీజరు, ఇండక్షన్ స్టవ్వు, మైక్రోవేవ్ వంటివాటికి పెద్దదే కావాలి. వస్తువు అడుగున చీటీమీద వాట్లు రాసి ఉంటాయి, చదువుకో.

మీ ఇంటికి ఎలక్ట్రీషియన్ ఎప్పుడు వచ్చినా రెండు మాటలు అడిగి తెలుసుకో. ఎర్తింగు పనిచేస్తోందా? మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? కరెంటు దారి తప్పి మనిషిలోంచి నేలలోకి పోతుంటే అది రెప్పపాటులో కత్తిరించేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చెయ్యదు, అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే పడిపోవాలి. అత్తయ్యకి షాకు కొట్టిన రోజు మా ఇంట్లో అది లేదు. ఆ వారంలోనే పెట్టించాం.

పిల్లల సంగతి ఒకటి మరవకు. మూడు రంధ్రాల సాకెట్‌లో రెండు కాళ్ల ఛార్జరు దూరకపోతే పై రంధ్రంలో పెన్నో హెయిర్‌పిన్నో గుచ్చి తోస్తారు. పై రంధ్రం ఎర్తుది. ఎర్తు కాలు అక్కడ దూరితే కింది రెండు రంధ్రాల తలుపులు తెరుచుకునేలా చాలా సాకెట్లు చేస్తారు, పసివాళ్ల వేలు లోపలికి పోకుండా. పెన్ను గుచ్చి గుచ్చి ఆ తలుపులు పాడు చేస్తున్నాం, పైగా చూసిన పిల్లలు అదే నేర్చుకుంటున్నారు. ఈ సంగతి నాకు ఆ ఎలక్ట్రీషియన్ అబ్బాయి చెప్పేదాకా తెలియదు.

ఎప్పుడైనా ఎవరికైనా షాకు కొట్టి చెయ్యి అతుక్కుపోతే, కంగారులో వెళ్లి మనిషిని పట్టుకోకు. ముందు మెయిన్, ఇన్వర్టరు ఆపు. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడిపించు. 108కి ఫోన్ చెయ్యి. లేచి కూర్చున్నా డాక్టరుకి చూపించు. మేం అత్తయ్యని ఆ రాత్రే తీసుకెళ్లి ఈసీజీ తీయించాం.

ఇవాళ మధ్యాహ్నం అన్నాలయ్యాక టార్చి పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరుగు చెల్లీ. పసిపిల్ల చేతికి అందే ఎత్తులో ఉన్న బోర్డుల దగ్గర మొదలుపెట్టు. టేపు వేసి ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి, ఫొటోలు తీసుకుని, సాయంత్రం షాపు తెరిచేవేళకి వెళ్లు.